ఆవంలో అతి జరూరు

మా గుమ్మలవలస తహసీల్దారు ఆఫీసు రికార్డు గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా నేనూ చెదలూ కలిసి పనిచేస్తున్నాం. వాటికి సెలవుల్లేవు, సమ్మెల్లేవు. నేను రోజుకి రెండు ఫైళ్లు చూస్తే అవి నాలుగు చూసేవి. నా పేరు కామేశం, హోదా సీనియర్ అసిస్టెంటు. ఎవరడిగినా ఫైలు వెతుకుతాను, ఎవరూ అడక్కపోతే ముట్టుకోను. ఇలా ఒకరి జోలికి ఒకరు పోకుండా మర్యాదగా బతుకుతున్న మా మధ్యకి శాశ్వత దస్తావేజుల కమిషనర్ ధర్మతేజ గారు తనిఖీకొచ్చారు.

ఆయన అంతకు వారం ముందే విదేశాల్లో అధ్యయన యాత్ర ముగించుకుని దిగారు. కుర్చీలో కూర్చోగానే ఒక పాత ఇనాం భూమి ఫైలు తెమ్మన్నారు. తెచ్చాను. తాడు విప్పితే పైన అట్ట ఉంది, కింద అట్ట ఉంది, మధ్యలో ఫైలు లేదు. ఒక చెదపురుగు మాత్రం తీరిగ్గా బయటికొచ్చి, కమిషనర్ గారిని చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"కంప్యూటర్లో ఉండాలి కదా?" అన్నారాయన.

మా తహసీల్దారు ఇందుశేఖర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన పైవాళ్లు మాట్లాడుతుంటే కూర్చోరు, తుమ్మరు. "కిందటి తుఫానులో కంప్యూటర్లోకి నీళ్లెళ్లాయి సార్. ఎండలో పెట్టాం."

"ఆరిందా?"

"శుభ్రంగా ఆరింది సార్. ఆన్ అవలేదు."

ఇంకొకరైతే కేకలేసేవారు. ధర్మతేజ గారు మాత్రం చిరునవ్వు నవ్వారు. "నేను ఒక మ్యూజియంలో ఒక మట్టి పలక చూసొచ్చాను. అరచేయంత ఉంది. దాని మీద మేకులు గుచ్చినట్టు రాత. ఎవరో ఆసామి, తనకి నాసిరకం రాగి అంటగట్టాడని ఒక వర్తకుడి మీద ఫిర్యాదు. మూడు వేల ఏడు వందల ఏళ్లయింది. అక్షరం చెరగలేదు."

"ఆ ఫిర్యాదు పరిష్కారమైందా సార్?" అన్నాను, అలవాటు కొద్దీ.

"అది అప్రస్తుతం," అన్నారాయన. "ఫిర్యాదు భద్రంగా ఉంది. పాలన అంటే అదే."

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కాగితం మీద వచ్చిన ఆఖరి ఉత్తర్వు అదే. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, శాశ్వత పాలనా పథకము కింద ప్రయోగాత్మకముగా ఎంపిక కాబడిన గుమ్మలవలస మండలమందు సమస్త ఉత్తర్వులు ఇకమీదట మృత్ఫలకములపై మాత్రమే జారీ కావలెను.' మృత్ఫలకములంటే మట్టి పలకలు. నిబంధనలు మూడే మూడు. ఒకటి, ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, కాలిన ఉత్తర్వే చెల్లుతుంది, పచ్చి ఉత్తర్వు చెల్లదు. రెండు, కాలిన ఉత్తర్వుని ఎంతటివారూ దిద్దరాదు. మూడు, పలక ముక్కలైతే అందులోని ఉత్తర్వు రద్దయినట్టే. ఈ మూడోది సిబ్బంది పలకల్ని జాగ్రత్తగా పట్టుకోవడం కోసం పెట్టారట.

మొదటిరోజే చిక్కొచ్చింది. మన అక్షరాలన్నీ గుండ్రం. తాటాకు చిరక్కుండా ఉండాలని మన పెద్దలు జిలేబీ చుట్టినట్టు చుట్టారు. తడిమట్టి మీద పుల్లతో 'ఱ' రాయబోతే పుల్ల వెనకాలే మట్టీ చుట్టుకొచ్చింది. మా జూనియర్ అసిస్టెంటు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా 'శ్రీ' రాసింది. అది చూడ్డానికి కాకి తొక్కిన పెసరట్టులా ఉంది.

దానికి నిపుణుల సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షుడూ సభ్యుడూ కూడా ఆచార్య పరాంకుశం గారే. నలభై రోజులు ఆలోచించి తెలుగుకి మేకుల లిపి కట్టిపెట్టారు. వెదురుపుల్ల మొన నిలువుగా రెండు గుచ్చితే 'క', అడ్డంగా ఒకటి చేరిస్తే 'ఖ', ఏటవాలుగా గుచ్చితే ఏదో ఒత్తు. చదవడం ఎలాగండీ అని అడిగాను.

"చదవడం భవిష్యత్ తరాల బాధ్యత," అన్నారాచార్యులవారు. "మనం రాయడం వరకే. ఆ పలకల దేశాల్లోనూ రాసినవాళ్లు పోయాక రెండు వేల ఏళ్లకి గానీ ఎవరూ చదవలేదు. ఏమైనా కొంప మునిగిందా?"

నిజం చెప్పాలి కదా, ఆయన చెడ్డమనిషి కాదు. పాతకాలపు పలకలు చాలావాటిని ఎండబెట్టి ఊరుకున్నారనీ, ఊళ్లు తగలబడినప్పుడు కొన్ని వాటంతటవే కాలి గట్టిపడ్డాయనీ కూడా ఆయనే చెప్పారు. కమిషనర్ గారు ఆ మాట పుచ్చుకుని, దస్తావేజుల పరిరక్షణ నిమిత్తం ఆఫీసుని తగలబెట్టే ప్రతిపాదన పంపారు. అద్దె భవనం కావడం వల్ల పైవాళ్లు ఒప్పుకోలేదు.

కాబట్టి ఆవం కావాలి. మండలం మొత్తానికీ మిగిలిన కుమ్మరి ఆవం ఒక్కటే, సంతతోట వెనక పైడమ్మది.

పైడమ్మని నాకన్నా బాగా ఎరిగినవాళ్లు ఆఫీసులో లేరు. ఆవిడకి యాభై దాటాయి. మొగుడు ఎర్రయ్య కుమ్మరి సారె తిప్పుతాడు, మాట్లాడడు. ఇద్దరి మాటలూ పైడమ్మే మాట్లాడుతుంది. ఆ ఆవం ఉన్న నాలుగు సెంట్లూ ప్రభుత్వ స్థలం. తాతల నాటి నుంచి అక్కడే కుండలు కాలుస్తున్నారు, పట్టా మాత్రం లేదు. పట్టా ఇప్పించండని ఆవిడ పెట్టుకున్న అర్జీ నా రికార్డు గదిలోనే చెదల పాలైంది. మళ్లీ పెట్టింది. అదీ తిన్నాయి. పదకొండో అర్జీ ఇస్తూ, "ఇదైనా మీరు తినకండి బాబూ," అంది. చెదలకీ నాకూ తేడా ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు, నేనూ చెప్పలేకపోయాను.

ప్రారంభోత్సవం రోజున పైడమ్మ, ఎర్రయ్య రెండు బళ్ల మట్టి తొక్కి, రాళ్లేరి, వెన్నముద్దలా చేసి ఆఫీసు వరండాలో పోశారు. షామియానా వేశారు, ఫోటోగ్రాఫర్లు వచ్చారు. ధర్మతేజ గారు మహోత్సాహంగా ఉన్నారు.

"ప్రథమ ఫలకము ఎవరికి?" అని అడిగారు.

మా తహసీల్దారు గారు నీళ్లు నమిలారు. ఎవరికి ఏమిచ్చినా తన పీకకే చుట్టుకుంటుందని ఆయన భయం. నాకేం బుద్ధి పుట్టిందో గానీ, "ఈ మట్టి తెచ్చిన పైడమ్మకి నాలుగు సెంట్ల పట్టా ఉంది సార్, పదకొండు అర్జీలు," అన్నాను.

"అద్భుతం! మట్టి మనిషికి మట్టి మీద మట్టి!" అన్నారు కమిషనర్ గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆచార్యులవారు పక్కన కూర్చుని చెబుతుంటే నేనే గుచ్చాను. 'సర్వే నంబరు నూట పద్నాలుగు బై మూడులో నాలుగు సెంట్లు కుమ్మరి ఆవం స్థలం కొల్లి పైడమ్మకు శాశ్వతముగా ఇవ్వడమైనది.' ప్రతి మేకూ పైకి చెప్పుకుంటూ గుచ్చాను, పైడమ్మ నా భుజం మీంచి చూస్తూనే ఉంది. ఆ పలకల కాలపు దొరల్లాగే సంతకం బదులు దొర్లించే ముద్ర కూడా చేయించుకున్నారు కమిషనర్ గారు, చిన్న రోకలిబండలా ఉంటుంది. దాన్ని పలక అడుగున దొర్లించారు. ఆయన పేరు, హోదా, మధ్యలో ఒక సింహం పడ్డాయి. పైడమ్మ చీరచెంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోటోలు తీశారు.

ఫోటోగ్రాఫర్లు వెళ్లిపోయాక తహసీల్దారు గారు నన్ను పక్కకి పిలిచారు. "కామేశంగారూ, సర్వే నివేదిక లేకుండా పట్టా ఏమిటండీ, నా ఉద్యోగం ఊడుతుంది. సర్వే నివేదిక వచ్చేదాకా పెండింగులో పెట్టండి. కాల్చొద్దు."

కాల్చకపోతే చెల్లదు కదా. ఆ మాట పైడమ్మకి ఏ మొహంతో చెప్పేది? ఆ పలక ఇంకా మెత్తగానే ఉంది. రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి, రికార్డు గదిలో కిటికీ పక్క బీరువా మీద నీడపట్టున పెట్టాను.

ఇక మొదలైంది సంబరం. సెలవుచీటీ కావాలంటే ముందు మట్టి పిసకాలి. కడుపునొప్పని సెలవడిగిన మా డఫేదారు ఆ చీటీ రెండు చేతులతో మోసుకొచ్చి, "దీంతో నిజంగానే నొప్పొచ్చిందండీ," అన్నాడు. ఒరిజినల్‌తో పాటు మూడు ప్రతులు జతపరచాలి గనక తపాలా అంతా ట్రాలీ ఆటోలో వెళ్లేది. సమాచార హక్కు కింద ఒక మాస్టారు మూడు ప్రశ్నలు వేస్తే జవాబు ఆయన ఇంటి ముందు దింపడానికి నలుగురు కూలీలు పట్టారు. ఆయన మళ్లీ ప్రశ్న వేయలేదు, జవాబుతో అరుగు కట్టించుకున్నాడు.

తహసీల్దారు గారికీ ఒక దొర్లుడు ముద్ర ఇచ్చారు, అది ఎక్కడో పడిపోయింది. భయపడి ఎవరికీ చెప్పలేదాయన. ఇంటి నుంచి అప్పడాల కర్ర తెచ్చుకుని దొర్లించేశారు. నున్నగా, అందంగా వచ్చింది. కింద రాసిన ఉత్తర్వు మాత్రం చదునైపోయింది. ఎవరూ కనిపెట్టలేదు. చదివేవాడుంటే కదా?

రహస్య ఉత్తర్వుల సంగతి ఇంకా గొప్పది. పాతకాలంలో మట్టి పలకకి మట్టితోనే కవరు కట్టేవారట, లోపలిది చదవాలంటే కవరు పగలగొట్టాలి. కమిషనర్ గారికి అది తెగ నచ్చింది. మా వాళ్లు సుత్తితో కవరు కొడితే లోపల పలకా రెండు ముక్కలయ్యేది. ముక్కలైతే మూడో నిబంధన ప్రకారం రద్దు. ఆ ఎనిమిది నెలల్లో మా ఆఫీసుకి వచ్చిన రహస్య ఉత్తర్వులన్నీ తెరిచిన క్షణానే రద్దయ్యాయి. అంత గుట్టుగా పాలన ఎన్నడూ సాగలేదు.

అసలు తంటా ఆవం దగ్గర వచ్చింది. మొదటివారమే కలెక్టరు గారి పేర వెళ్లాల్సిన అయిదు జరూరు పలకలు ఆవంలో పెడితే గంటలో టప్, టప్, టప్ మని దీపావళి పటాసుల్లా పేలిపోయాయి.

"తడి బాబూ," అంది పైడమ్మ. "సెప్తే ఇనరు. నీడలో పదిరోజులు ఆరాల. నోపల సెమ్ముందనుకో, సెగ తగల్గానే పేల్తాది. నా కుండలు పేల్తన్నాయేటి? ఆరినాకనే యేస్తాను."

ఆ మాటే రాసి పైకి పంపాను. జవాబొచ్చింది: 'ఉత్తర్వు ఆరబెట్టుట అనునది ప్రభుత్వ కార్యములందు జాప్యముగా పరిగణించబడును. జరూరు ఫలకములు జారీ అయిన నాడే, అతి జరూరు ఫలకములు జారీ అయిన గంటలోపే ఆవమునందు ప్రవేశపెట్టవలెను.' పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వ్యవహారం.

అప్పటి నుంచి మా మండలంలో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరికైనా తొందరగా కావలసిన ఉత్తర్వు ఆవంలో పేలిపోయేది. ఎవరికీ అక్కర్లేనిది మూలన పడి ఆరి, రాయిలా కాలి వచ్చేది. అతి జరూరు తుఫాను హెచ్చరిక పేలింది. టైపు మిషన్ల రిబ్బన్ల టెండరు ప్రకటన చక్కగా కాలింది. పదకొండేళ్ల కిందట పోయిన ఒక అధికారి గారికి సంతాప తీర్మానం ఖంగుమని మోగుతూ వచ్చింది. ఆ తీర్మానం చూసి వాళ్లావిడ మళ్లీ ఏడ్చింది.

పైడమ్మ మాత్రం కిమ్మనకుండా కాల్చేది. ప్రతి సోమవారం వచ్చి నా గది గుమ్మంలో నిలబడేది.

"నా పలక వుందా బాబూ?"

"ఉంది."

"ఆరిందా?"

"సర్వే నివేదిక రావాలి పైడమ్మా."

"అది తడిగా వున్నాదేటి?" అనేది. నాకు నవ్వొచ్చేది, ఆ వెంటనే సిగ్గేసేది.

ఎనిమిది నెలలు గడిచేసరికి ఆఫీసులో కాలు పెట్టే చోటు లేదు. వరండా నిండింది, మెట్లు నిండాయి, మరుగుదొడ్డిలో రెండు వందల జనన ధ్రువీకరణలు పేర్చాం. నేల కుంగి తహసీల్దారు గారి కుర్చీ ఒకపక్కకి ఒరిగింది. ఆయన దాన్ని పైవాళ్ల అభిమతం అనుకుని అలాగే ఒరిగి కూర్చునేవారు. అప్పుడు కమిషనర్ గారు ఫలక భవనం మంజూరు చేశారు. స్థలం చూడమన్నారు. సర్వే జరిగింది. ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూస్తున్న సర్వే నివేదిక వచ్చింది.

'సర్వే నంబరు నూట పద్నాలుగు బై మూడు. విస్తీర్ణము నాలుగు సెంట్లు. స్థలమందు ఒక బూడిద దిబ్బ, ఒక పొగ వచ్చు గుంట గలవు. వినియోగములో లేదు. ఫలక భవనమునకు అనుకూలము.'

నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, ఆ పొగ వచ్చు గుంటే కదా మన ఉత్తర్వులన్నీ కాలుస్తున్న ఆవం! దాన్ని పడగొడితే పలకలు ఎక్కడ కాలుస్తాం? కాల్చకపోతే భవనంలో ఏం దాస్తాం?"

కమిషనర్ గారు నన్ను జాలిగా చూశారు. "అది రెండో దశ, కామేశం. మీరు మొదటి దశలో ఆలోచించండి."

స్థలం ఖాళీ చేయమని ఉత్తర్వు తయారైంది. మీద అతి జరూరు గుర్తు. పచ్చి ఉత్తర్వు చెల్లదు. కాల్చాలి. కాల్చడానికి ఉన్నది ఒకటే ఆవం. అర్థమైంది కదా? తన ఆవం కూల్చే ఉత్తర్వుని పైడమ్మే తన ఆవంలో కాల్చి మా చేతికివ్వాలి. దాన్ని పట్టుకెళ్లమని నాకే చెప్పారు.

వెళ్లాను. ఎర్రయ్య సారె తిప్పుతున్నాడు. పైడమ్మ చెక్క చలపతో కుండ అడుగు కొడుతోంది. పలక చేతిలో పెట్టి, ఉన్నమాట చెప్పేశాను. సారె తిరగడం ఆగింది. నేను ఆ ఇంటికి వెళ్తున్న ఇన్నేళ్లలో అది ఆగడం అదే మొదలు.

పైడమ్మ ఆ పలక అటూ ఇటూ తిప్పి చూసింది. "మా మావ అయ్య కట్టినాడు బాబూ యీ ఆవం. నా పెళ్లికి కుండలు ఇందల్నే కాల్చినారు. ఇప్పుడు దీని సావుసీటీ నాసేతే కాల్పిస్తారేటి?" అంది. పలకని వేలితో నొక్కి చూసింది. "సర్లే. కాల్చనంటే నా మీద కేసెడతారు. తడిగున్నాదే యిది?"

"గంటలోపు పెట్టాలని రూలు."

"పదిరోజులాగమని సెప్పినాను. సెప్పినానా లేదా?"

"చెప్పావు."

"మీరే సాచ్చికం," అని ఆవంలో పెట్టింది. గంటకి టప్ మంది.

మూడో నిబంధన ప్రకారం ఉత్తర్వు రద్దు. రెండోది పంపారు, టప్. మూడోదాన్ని సింహం ముద్ర రెండుసార్లు దొర్లించి పంపారు, అది ఇంకా గట్టిగా పేలి పక్కనున్న మూకుడు కూడా పగలగొట్టింది. విచారణ సంఘం కూర్చుంది. 'మృత్తికయందు అంతర్గత అసమ్మతి గలదు' అని తేల్చింది. సంఘంలో ఒక్కరూ మట్టి ముట్టుకుని చూడలేదు.

చివరికి ధర్మతేజ గారు స్వయంగా దిగుతున్నానన్నారు. అయిదు ప్రతులు తన కళ్ల ముందే రాయించి, తన చేత్తో ఆవంలో పెడతారట. "ప్రభుత్వ సంకల్పాన్ని మట్టి ధిక్కరించజాలదు," అన్నారు.

ఆ ముందురోజు సాయంత్రం రికార్డు గదిలో కూర్చున్నాను. బీరువా మీద పైడమ్మ పలక కనిపించింది. ఎనిమిది నెలలు. నీడపట్టున, గాలాడే చోట, ఎవరూ ముట్టుకోకుండా. మండలం మొత్తంలో అంత బాగా ఆరిన ఉత్తర్వు ఇంకోటి ఉండదు. ఎందుకు ఆరింది? పెండింగులో ఉంది కాబట్టి. పెండింగులో ఎందుకుంది? సర్వే నివేదిక రాలేదు కాబట్టి. మరి నివేదిక వచ్చింది కదా! నివేదికలో ఏం రాసి ఉండాలన్నది ఏ నిబంధనలోనూ లేదు. రావాలన్నారు, వచ్చింది.

ఎవరూ అడక్కుండా ఒక ఫైలు కదపడం ఇరవై తొమ్మిదేళ్లలో నాకు మొదటిసారి. కదలికల రిజిస్టరు పలక మీద పద్ధతి ప్రకారం గుచ్చాను: 'నివేదిక అందినందున పెండింగు తొలగినది. కాల్పు నిమిత్తం పంపడమైనది.' పలకని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని సంతతోట దారి పట్టాను. గుండె మాత్రం నాకన్నా ముందు పరిగెత్తుతోంది.

పైడమ్మ దాన్ని వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది, చెంపకి ఆనించుకుంది. "ఓలమ్మో! గవర్మెంటోరి కాడ ఇంత బాగా ఆరిందేటి బాబూ?" అంది. దాన్ని పెద్ద కాగు లోపల పెట్టి, పక్కవి పేలినా పెంకులు తగలకుండా కాగు బోర్లించి, ఆవం నడిమధ్యన పేర్చింది.

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారొచ్చారు. గొడుగు, కుర్చీ, కొబ్బరిబోండాలు, ఫోటోగ్రాఫర్లు వచ్చారు. అయిదు పచ్చి పలకలూ తన చేత్తో ఆవంలో పెట్టారు, ఇంకా వేలి తడి ఆరలేదు వాటి మీద.

"బాబుగోరూ, తడి..." అంది పైడమ్మ.

"అమ్మా, సాంకేతిక సలహాలు లిఖితపూర్వకంగా పంపండి," అన్నారాయన.

గడ్డి కప్పి, మట్టి మెత్తి, నిప్పు పెట్టారు. ఆయన వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. ముప్పావుగంట గడిచింది. టప్. ఆయన కనుబొమలు లేచాయి. టప్. బోండాం కింద పెట్టారు. టప్, టప్. "ఒకటి మిగిలింది," అన్నారు, వేలు చూపిస్తూ. తహసీల్దారు గారు కళ్లు మూసుకుని ఏదో జపిస్తున్నారు. అయిదో టప్ వినపడలేదు. కాసేపు చూసి ధర్మతేజ గారు కుర్చీలోంచి గెంతినంత పని చేశారు. "చూశారా! ఒక్కటి చాలు!"

నా ప్రాణం పోయింది. పైడమ్మ మొహంలో నెత్తురు లేదు. రేపు పొద్దున్న ఆవం విప్పితే గానీ ఏదీ తెలియదు.

తెల్లారి అందరం చేరాం. పైడమ్మ ఒక్కో పెంకూ తీస్తోంది. కుండలు, మూకుళ్లు, నలుసులైపోయిన ప్రభుత్వ సంకల్పం. అయిదో పలక రెండు ముక్కలై పడి ఉంది, పాపం చప్పుడు చేయకుండా విరిగింది. ఆవిడ కాగు ఎత్తింది. కింద ఒక పలక. ఎర్రగా, నిండుగా, ఒక్క బీట లేకుండా ఉంది. ఆవిడ పుల్లతో తడితే గుడిగంటలా మోగింది. అడుగున సింహం స్పష్టంగా కనిపిస్తోంది.

"నా ముద్ర!" అని ఆనందంగా కేకేశారు కమిషనర్ గారు. "మిగిలింది! ఆచార్యా, చదవండి!"

పరాంకుశం గారు కళ్లజోడు సవరించుకున్నారు. కిందపడి, మీదపడి, తను రాసుకున్న పట్టిక తీసి చూసుకుని, నెమ్మదిగా ఒక్కో మేకూ కూడబలుక్కున్నారు. "స... సర్వే నంబరు... నూట పద్నాలుగు... నాలుగు సెంట్లు..."

"అదే, అదే!"

"... కొల్లి పైడమ్మకు... శాశ్వతముగా... ఇవ్వడమైనది."

ఆచార్యులవారు పట్టిక మళ్లీ సరిచూసుకుని తల ఊపారు.

"ఇదెలా వచ్చింది?" అన్నారు కమిషనర్ గారు. నేను వెంట తెచ్చుకున్న కదలికల రిజిస్టరు పలక ముందుకి జరిపాను. తమరే ముద్ర వేశారు సార్, నివేదిక వచ్చింది సార్, పెండింగు తొలగింది సార్ అని వరసగా చెప్పాను. నా గొంతు అంత స్పష్టంగా పలుకుతుందని నాకే తెలియదు.

"దిద్దండి!"

"కాలిన ఉత్తర్వుని ఎంతటివారూ దిద్దరాదు సార్. రెండో నిబంధన," అన్నది మా తహసీల్దారు గారు. అన్నాక ఆయనే హడలిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ధర్మతేజ గారి కళ్లు మెల్లగా మెరిశాయి. ఆయన తెలివైనవారు, మూడో నిబంధన ఆయన రాసిందే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు; పలక ముక్కలైతే పట్టా రద్దు. "ఏదీ, చూద్దాం," అంటూ వంగి పలక అందుకున్నారు.

"వొద్దు బాబుగోరూ, ఇంకా సెగ..." అని పైడమ్మ అరిచేలోపే ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకెత్తారు. తర్వాత జరిగింది కావాలని చేశారో, చేతులు కాలి చేశారో ఆయనకే తెలియాలి. "అబ్బా!" అని విసిరేశారు. పలక గాలిలో రెండు పల్టీలు కొట్టింది. ఎర్రయ్య జన్మలో మొదటిసారి నోరు తెరిచి "అమ్మో!" అన్నాడు.

పలక పోయి బూడిద దిబ్బలో పడింది. సర్వే నివేదికలో ఉన్న దిబ్బే. మూడు తరాల బూడిద, దూదిపరుపంత మెత్తన. బుస్సుమని తెల్లటి పొగ లేచి కమిషనర్ గారి సూటు నిండా పరుచుకుంది. పైడమ్మ పరుగున వెళ్లి, బూడిదలో చేతులు పెట్టి, పలక బయటికి తీసి, చెంగుతో తుడిచి, వేలితో తట్టింది. ఖంగుమంది. ఆవిడ అక్కడే కూలబడి పగలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తీశారు.

ఆ తర్వాత సంగతులు పెద్దగా లేవు. చేతులకి కట్లు విప్పగానే ధర్మతేజ గారు మళ్లీ అధ్యయన యాత్రకి వెళ్లారు. ఈసారి ముడులు వేసిన తాళ్లతో కబుర్లు దాచుకున్నవాళ్ల దేశమట. మా మండలంలో తాళ్ల నిల్వలెన్ని అని విచారిస్తూ కబురు కూడా వచ్చింది. మట్టి పలకల పథకాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది గానీ, దాని మీద అతి జరూరు అని ఉంది. ఆవంలో పేలిపోయింది. కాబట్టి పథకం ఇప్పటికీ అమల్లోనే ఉన్నట్టు లెక్క. వానాకాలంలో వరండాలోని పచ్చి ఉత్తర్వులన్నీ కరిగి బురదైపోయాయి. మా డఫేదారు అందులో వంగనారు వేశాడు. మిగతా మట్టితో చెదలు రికార్డు గదిలో నిలువెత్తు పుట్ట కట్టుకున్నాయి.

మొన్న పైడమ్మ ఇంటికెళ్లాను. ఆవం పొగలేస్తోంది. దాహమేసి నీళ్లడిగాను. చూస్తే నీళ్లకుండ మీద మూత, మా పట్టా.

"అదేమిటి పైడమ్మా, అంత కష్టపడి సంపాదించుకున్నావు, పెట్టెలో దాచుకోవద్దూ?"

"కాయితమైతే దాసుకోవాల బాబూ. ఇదైతే వాడుకుంటే పోలా?" అంది. మూత తీసి ఒళ్లో పెట్టుకుని, వరస మీద వేలు పెట్టి సర్వే నంబరు నుంచి శాశ్వతముగా దాకా ఒక్క మేకు తప్పకుండా చదివింది. గుచ్చిన నాకే అందులో 'ప' ఎక్కడుందో తెలియదు. ఆవిడ ఆ రోజు నా భుజం మీంచి చూసి నేర్చేసుకుంది.

"అయిదు వేల ఏళ్లు ఉంటుందట," అన్నాను.

"అన్నెందుకు బాబూ? నా మనవరాలి కాలందాకా వుంటే సాలు. కానీ ఇదేటి, యీ ఓర గుంట? దీన్ని మాత్రం సదవలేకపోతన్నాను."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. అంచున ఒక పల్లం. అందులో సన్నటి గీతలు, సుడులు. ఆ రోజు తడిపలకని బీరువా మీద పెడుతున్నప్పుడు నొక్కుకున్న నా బొటనవేలు.

ఇరవై తొమ్మిదేళ్లుగా పైడమ్మ చేత, ఆవిడ అత్త చేత, ఊరందరి చేత సిరాలో వేలు ముంచి ముద్రలు వేయించినవాణ్ణి నేను. అవన్నీ చెదలు తిన్నాయి.

"నా వేలిముద్ర పైడమ్మా," అన్నాను.

"నిశానీ ఎట్టీసినావన్నమాట!" అని ఆవిడ పకపకా నవ్వి, చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చి, మూత మళ్లీ కుండ మీద పెట్టింది.